టీచరుగారి గొంతు ఎక్కడికి పోయింది?

ఊళ్లో ఎవరిని కదిపినా సాఫ్ట్‌వేర్ మాటే వినిపిస్తున్న రోజులవి. నేరేడ్‌మెట్‌లో మా ఇంటి హాల్లోకి కూడా ఒక కొత్త కంప్యూటర్ వచ్చింది. నేను అప్పటికే ఒక కంపెనీలో ప్రోగ్రాములు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. మా ఆయనది బ్యాంకు. అయినా దాన్ని బిగించడానికి వచ్చిన షాపతను మాట్లాడినంతసేపూ మా ఆయనతోనే మాట్లాడాడు. నేనేదైనా అడిగితే జవాబు ఆయనకు చెప్పేవాడు. నాకు ఒళ్లు మండటం అప్పుడే మొదలైంది.

కంప్యూటర్ వచ్చినందుకు అందరికంటే సంతోషించింది మా అత్తగారు. విజయనగరంలో చిన్నప్పుడు ఆవిడకు సంగీతం నేర్పిన టీచరుగారి పాట ఒకటి క్యాసెట్‌లో ఉండేది. టేపురికార్డరు పాడయ్యాక అది బీరువాకే పరిమితమైంది. మా మరిది దాన్ని సీడీగా చేయించి తెచ్చాడు. అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, కచేరీకి వెళ్లినట్టు స్పీకర్ల ముందు కూర్చున్నారు. పాట మొదలైన కాసేపటికే ఆవిడ మొహం మారిపోయింది.

"అదేటమ్మా, వయొలిన్, మృదంగం గట్టిగానే వినిపిస్తున్నాయి. టీచరుగారి గొంతేదీ? నూతిలోంచి పాడినట్టుందేటి?"

నిజమే. నాకూ అలాగే వినిపించింది. షాపతన్ని మళ్లీ పిలిపించాం. అతను వచ్చి నిలబడే విన్నాడు.

"పాత రికార్డింగ్ గద సార్, గట్లనే ఉంటది. పెద్ద స్పీకర్లు పెట్టుండ్రి, అదిరిపోతది."

"ఒకసారి సౌండ్ సెట్టింగులు చూడండి," అన్నాను.

"మేడంకి చెప్పుండ్రి సార్, సెట్టింగ్‌లు కదిలిస్తే పరేషాన్ అయితది. నేను మంచిగ సెట్ చేసి ఇచ్చిన."

వెళ్తూ వెళ్తూ మా ఆయన చెవిలో, "ఆంటీకి జెర చెవులు చూపించుండ్రి" అన్నాడు. అంత మెల్లగా అన్న మాట వంటింటి గుమ్మంలో ఉన్న అత్తగారికి స్పష్టంగా వినబడింది!

ఆ శనివారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. మా ఆయన వాళ్లమ్మని నిజంగానే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. చెవులు లక్షణంగా ఉన్నాయన్నాడట డాక్టరు. అయినా అత్తగారు ఇక ఆ పాట పెట్టమనలేదు. అడిగితే, "పోనీలే అమ్మా, నాకే ఏటో తేడాగా వినిపించినట్టుంది" అన్నారు. నా కోపం నషాళానికి అంటింది ఆ మాటకే. సరిగ్గా విన్న మనిషి చేత, తను సరిగ్గా వినలేదని ఒప్పించేశారు!

వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

"కదపకు, వారంటీ పోతుంది," అన్నాడు మా ఆయన.

"పోనీ!"

సౌండ్ సెట్టింగులు తెరిస్తే అంతా అక్కడే ఉంది. మాకున్నవి రెండు స్పీకర్లు. సెట్టింగుల్లో పెట్టింది ఆరు. మధ్యలో ఉండాల్సిన స్పీకరుకే గొంతు ఎక్కువగా పంపిస్తోంది కంప్యూటర్. ఆ స్పీకరే మాకు లేదు. ఆ మిగిలిన కాస్త గొంతుకూ పెద్ద హాల్లో మోగినట్టు ప్రతిధ్వని తగిలించి ఉంది. పైగా మృదంగంలాంటి కింది స్థాయి శబ్దాలన్నీ బాగా పెంచి ఉన్నాయి. స్పీకర్లు రెండే అని మార్చాను. ప్రతిధ్వని తీసేశాను. పెంచినవన్నీ మామూలు స్థాయికి తెచ్చాను. అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

ఈసారి టీచరుగారు ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉంది. పల్లవి మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. "అదుగో, అక్కడ ఆవిడకి ఎప్పుడూ ఊపిరి చాలేది కాదు," అంటూ అత్తగారు నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. మా ఆయన తలొంచుకుని వింటూ కూర్చున్నాడు.

సోమవారం సికింద్రాబాద్‌లోని ఆ షాపుకి ఒక్కదాన్నే వెళ్లాను. ఆ సెట్టింగులు ఎవరు పెట్టారని అడిగాను.

"నేనే మేడం. ఎఫెక్ట్ లేకుంటే కస్టమర్లకి సౌండ్ సప్పగ అనిపిస్తది. అందరికి గిట్లనే పెడ్త."

"అది మీరే పెట్టి, మా అత్తగారికి చెవుడని ఎలా అన్నారు?"

"ఏదో మాటకి అన్న మేడం. గంత సీరియస్ ఎందుకు?" అంటూ నవ్వి, క్షమాపణకు బదులు ఒక మౌస్ ప్యాడ్ తీసి ఇవ్వబోయాడు. దాన్ని కౌంటర్ మీదే వదిలేసి, మెట్లు దిగి వచ్చేశాను.