ఆకలి మందు

వీధిలో ఆడవాళ్ళందరి కొలతలూ టైలరమ్మ నాలుక చివరే ఉంటాయి. తన కొలత మాత్రం చచ్చినా చెప్పదు. మిషను తొక్కనివ్వకుండా మోకాళ్ళు మొరాయించాకే బరువు తగ్గించే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. నడక, తిండిలో కోత, పొద్దున్నే ఒక బిళ్ళ. "ఇది మీకు మాత్రమే, ఇంకెవరికీ ఇవ్వకండి" అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. ఈవిడా తలూపింది.

భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. ఇంట్లో ఉండేది తనూ, మామగారూ. జ్వరం వచ్చి తగ్గాక ఆయనకు అన్నం సయించడం లేదు. ఒకరోజు కోడలు బిళ్ళ మింగుతుంటే చూశాడు.

"ఏం మందమ్మా అది?"

లావు తగ్గడానికని మామగారితో ఎలా చెబుతుంది? సిగ్గుతో చచ్చిపోదూ! "ఆకలి మందు మామయ్యా" అనేసి మిషను దగ్గరికి తప్పుకుంది.

అప్పటినుంచి ముసలాయనకు ఉన్న కాస్త తిండీ పోయింది. "నా మీద ఒట్టు, రెండు ముద్దలు తినండి" అని ఆవిడ బతిమాలేది. "చూస్తున్నానుగా తల్లీ, ఇవాళో రేపో పుడుతుంది ఆకలి" అనేవాడాయన. చొక్కాలు వదులైపోతుంటే కుట్లు లోపలికి వేసిచ్చింది. బిళ్ళల డబ్బా ముందే ఖాళీ అయితే, తక్కువేశాడని మందుల షాపువాణ్ణి ఉతికి ఆరేసింది.

ఒక మధ్యాహ్నం ఆయన చేతులు వణికాయి, గుండె దడదడలాడింది. ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి, "ఏం మందులు వాడుతున్నారు?" అన్నాడు.

"ఏమీ లేవండీ" అంది టైలరమ్మ.

ముసలాయన తల దించుకున్నాడు. "కోప్పడకమ్మా. నీ బాధ చూడలేక, ఎలాగైనా తిందామని... నీ ఆకలి మందే, రోజూ ఒకటి వేసుకుంటున్నా."

టైలరమ్మకు అప్పుడు అర్థమైంది. దగ్గు మందు దగ్గును తగ్గిస్తుంది, జ్వరం మందు జ్వరాన్ని తగ్గిస్తుంది. ఆకలి మందంటే మాత్రం ఆకలి పుట్టించేదని చిన్నపిల్లలకైనా తెలుసు. ఎంత పని చేసింది! ఒక చేత్తో అన్నం పెడుతూ, ఒక్క మాటతో మనిషిని మాడ్చేసింది!

ఆవిడ ఇంటికి పరుగెత్తి తెచ్చిన డబ్బా చూసి డాక్టరు ఉలిక్కిపడ్డాడు. "ఇంకొన్నాళ్ళయితే గుండె ఆగేది. ఇక్కడే ఉంచండి."

"మామయ్యా, అది ఆకలి చంపే మందు" అంది ఆవిడ వెక్కుతూ. "నేను లావు తగ్గాలని ఇచ్చారు."

ఆయన కోడల్ని కిందినుంచి పైదాకా చూశాడు. నమ్మలేనట్టు మళ్ళీ చూశాడు.

"నిండుగా ఉన్న నిన్ను చూసే కదమ్మా, మందు బాగా పనిచేస్తోందనుకున్నాను!"