గోంగూర తర్వాతే వైన్

జయమణి ఆంటీకి ఒకటే పిచ్చి. గోంగూరతో కడుపునిండా అన్నం తిననివాడికి వైన్ చుక్క కూడా పోసేది కాదు.

కెనడాలోని ఏజాక్స్ ఊళ్ళో ఆంటీ వాళ్ళింటికి రెండు వీధుల అవతల ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం స్టూడెంట్లం ఉండేవాళ్ళం. 2022 సెప్టెంబరు ఇన్‌టేక్‌లో కాలేజీలో చేరినవాళ్ళం. ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగానికి నాలుగొందల మంది అప్లై చేసే రోజులు. కూతురు స్టెఫీ స్కూలు వేళలు చూసుకుని, ఆంటీ ఇంట్లోనే వైన్ టేస్టింగ్ వ్యాపారం నడిపేది. వచ్చినవాళ్ళు నాలుగు రకాలు రుచి చూసి, నచ్చితే ఆర్డరివ్వాలి. ఓ ఆదివారం చర్చి దగ్గర మమ్మల్ని ఆపింది.

"శనివారం రండయ్యా. మీ మీద ప్రాక్టీసు చేసుకుంటాను."

"మేం కొనలేం ఆంటీ," అన్నాను.

"కొనమన్నానా వీర్రాజూ? రుచి చెప్పండి చాలు."

నేనసలు తాగను. అయినా అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాను.

"ముందు నోరు శుభ్రం కావాలి. రూలు!" అంటూ వేడన్నం, గోంగూర, కోడికూర వడ్డించింది. మూడోసారి మారు వడ్డించాక అరచెంచాడు వైన్ పోసింది.

"ఏం వాసనొస్తోంది?"

"గోంగూర ఆంటీ."

"మరి ఇది?"

"ఇదీ గోంగూరే. కాస్త వెల్లుల్లి కూడా."

"శభాష్! ఏం నాలుకయ్యా నీది!"

స్టెఫీ తల పట్టుకుంది. "మమ్మీ, దిస్ ఈజ్ సో రాంగ్!"

"నువ్వు హోంవర్కు చూసుకో."

అలా పదకొండు శనివారాలు తిన్నాం. తిని బయటికొచ్చి, "పాపం, ఆవిడకి వ్యాపారం ఒక్క ముక్క తెలీదురా" అని నవ్వుకునేవాళ్ళం. ఆ మాట మొదట అన్నది నేనే. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

డిసెంబరులో ఒకసారి ఆకలికి ఆగలేక శుక్రవారమే వెళ్ళి బెల్ కొట్టాను. స్టెఫీ తలుపు తీసింది. లోపల ఎనిమిది మంది అసలు కస్టమర్లు. బల్ల మీద చప్పిడి బిస్కెట్లు, మంచినీళ్ళు. ఇంట్లో పోపు వాసన కూడా లేదు. ఆంటీ గ్లాసు తిప్పుతూ గడగడా ఇంగ్లీషులో చెబుతుంటే, వాళ్ళు తలలూపుతూ ఆర్డర్లు రాసిస్తున్నారు.

"యూ గైస్ ఆర్ సాటర్డే," అంది స్టెఫీ. "సాటర్డే ఈజ్ ఫర్ హంగ్రీ పీపుల్."

నేను వెనక్కి తిరిగాను. గబగబా మెట్లు దిగుతుంటే, ఆంటీ కాళ్ళకి చెప్పులైనా లేకుండా మంచులోకి పరిగెత్తుకొచ్చింది. దొరికిపోయింది నేనైతే, తలొంచుకున్నది ఆవిడ.

"భోజనానికి రమ్మంటే వచ్చేవాళ్ళా మీరు? మొహమాటంతో మాడి చచ్చేవాళ్ళు గానీ! ఇప్పుడు తెలిసిపోయింది. ఇక రారు, అంతేగా?"

రాకూడదనే అనుకున్నాను. కానీ ఆ మంచులో ఆవిడ వట్టికాళ్ళు చూశాక నోరు పెగిలింది. కెనడా వచ్చాక ఎవరితోనూ అనని మాట అనేశాను.

"ఆకలేస్తోంది ఆంటీ. అన్నం పెట్టండి."

"హమ్మయ్య!" అంది ఆంటీ, నా చెయ్యి పట్టి లోపలికి లాగుతూ. "ఈ మాట సెప్టెంబరులోనే అనుంటే, ఈ వైన్ వంక లేకుండా హాయిగా చేపల పులుసు పెట్టేదాన్ని కదయ్యా!"