ఖరీదైన డ్రోన్, ఎర్ర దుమ్ము

ఇనుప ఖనిజం నిలవచేసే బంకర్లలోకి తాడు కట్టుకుని దిగి, లోపలి గోడలు ఎంత అరిగాయో చూసి చెప్పడం నా పని. పోర్టు దగ్గర ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను. దిగే ముందు లోపలి గాలిని పరీక్షించే మీటరు ఒకటి ఇప్పించమని మేం అడగని అధికారి లేడు. "చూద్దాం" అనడమే వాళ్లకు వచ్చిన పని.

అలాంటివాళ్లు నిరుడు ఒక డ్రోన్ తెప్పించారు. ఇక మనిషి దిగక్కర్లేదట. మా మీద ఎంత ప్రేమో! బంకరు కింద షామియానా వేసి విలేకరుల్ని పిలిచారు. ఏనాడూ మా ముఖాలు చూడని పెద్దాఫీసరు డ్రోన్‌కు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దాన్ని పట్టుకుని ఫొటోలు దిగాడు. తర్వాత అందరం ఇనుప మెట్లెక్కి బంకరు నోటి దగ్గరికి చేరాం.

ఎగరేయడానికి వచ్చినమ్మాయి జాలారిపేట పిల్ల. సముద్రం మీద బతికే ఇంటి నుంచి వచ్చి ఈ పని నేర్చుకుంది.

"సార్, లోపల దుమ్ము లేసింది. గంట ఆగితే అదే దిగిపోద్ది," అంది.

గంట ఆగితే విలేకరులు వెళ్లిపోరూ? "ఎగరెయ్యమ్మా," అన్నాడు ఆఫీసరు.

చుట్టూ తీగల పంజరమున్న డ్రోన్ లోపలికి దిగింది. కాసేపు తిరిగి, గోడకు పేరుకున్న ఖనిజం గట్టు మీద కూలబడింది. మళ్లీ లేవలేదు.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "దిగి పట్టుకురా. ఖరీదైంది, జాగ్రత్త."

జాగ్రత్త నాకు కాదు, దానికి. అయినా తాడు అందుకున్నాను. అలవాటుపడ్డ చేతులకు సిగ్గుండదు.

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "బాబాయ్, ఆగు. ఇటు సూడు."

తన చేతిలోని కంట్రోలరు తెర మీద డ్రోన్ ఆఖరున తీసిన బొమ్మ. గట్టుకు సరిగ్గా పైన, గోడకు అతుక్కుని వేలాడుతున్న బండంత పెళ్ల. దాని వెనక చీలిక.

తాడు వదిలేశాను. "నాను దిగను సార్."

"ఇన్నాళ్లూ దిగలేదా? ఇప్పుడేమొచ్చింది?"

"ఇన్నాళ్లూ లోపల ఏటుందో కనపడక దిగాను. ఇప్పుడు కనబడింది."

నా గేటు పాసు లాగేసుకోమని సూపర్‌వైజరుకు అతను చెబుతుండగానే బంకర్లో దబ్బుమంది. కాళ్ల కింద ఇనుప మెట్లు అదిరాయి. ఎర్ర దుమ్ము లేచి అందరినీ కప్పేసింది. ఆ అమ్మాయి తెర మూసి ఏడ్చింది. డ్రోన్ కోసం కాదని నాకు తెలుసు.

నా పాసు మళ్లీ ఎవరూ అడగలేదు. ఇప్పుడు మేం దిగే ముందు ఆ పిల్ల ఇంకో డ్రోన్‌తో చూస్తుంది, దుమ్ము దిగేదాకా ఆగి మరీ. ఆఫీసరును మాత్రం కార్మికుల భద్రత మీద ఉపన్యాసానికి రుషికొండ హోటలుకు పిలిచారు. సిగ్గుపడకుండా వెళ్లాడు. శాలువా కూడా కప్పారట.