బొమ్మలో పడని చిన్నతల్లి

జగ్గమ్మకు ఫొటో అంటే భయం. ఆ భయాన్ని చూసి నవ్వేవాళ్లు ఆ పేటలో ఎవరూ లేరు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది నాటికి విజయనగరంలోని ఆ పూరిళ్ల సందులోకి కెమెరా వచ్చేది మనిషి పోయినప్పుడే. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, అయినవాళ్లంతా చుట్టూ నిలబడితే స్టూడియో అప్పలసూరి వచ్చి తీసేవాడు. బతికుండగా ఫొటో తీయించుకునే స్తోమత ఎవరికుంది? విషజ్వరంతో పోయిన జగ్గమ్మ కొడుకు కూర్మయ్యకు ఉన్న ఒకే ఒక్క ఫొటో కూడా అలా తీసిందే.

భావనపాడులో మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని వచ్చి ఎండుచేపల గంప నెత్తికెత్తుకుంది ఆవిడ. బేరం దగ్గర ఎంతటివాడి నోరైనా మూయించేది. కొడుకు పోయాక మాత్రం, కూతురు చిన్నతల్లి తుమ్మినా పై ప్రాణాలు పైనే పోయేవి.

అలాంటి సందులోకి ఆ వేసవిలో అప్పలసూరి డాల్డా డబ్బాలు పట్టుకుని వచ్చాడు. లోపల నల్లరంగు పూసి, సూదితో బెజ్జం పొడిచి, ఫొటో కాగితం పెట్టి మూత బిగిస్తే అదే కెమెరా అన్నాడు. ఆదివారాలు పిల్లలకు నేర్పుతానన్నాడు. పోయినవాళ్లనే తీసి తీసి విసుగెత్తిందో ఏమో మరి. తల్లి వద్దంటున్నా చిన్నతల్లి ఆ పిల్లల్లో చేరింది.

ఇంటి ముందు చిన్నతల్లిని నిలబెట్టి తోటిపిల్లలు తీసిన బొమ్మను అప్పలసూరి కడిగి తెచ్చాడు. ఇల్లు పడింది, నీళ్ల కుండ పడింది. పిల్ల లేదు. జగ్గమ్మ కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది. పోయిన కొడుకు ఫొటోలో నిక్షేపంగా ఉన్నాడు, కళ్లెదుట ఉన్న కూతురు లేదు. పోబోయే పిల్ల కాబట్టే కెమెరాకు ఆనలేదని ఆవిడకు నమ్మకం కుదిరిపోయింది. వారమంతా గంప ఎత్తలేదు. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

ఆదివారం అప్పలసూరిని నిలదీసింది.

"ఇల్లున్నాది, కుండున్నాది. నా పిల్లేది బాబూ?"

డబ్బాలో బొమ్మ పడడానికి చాలాసేపు పడుతుందని, పిల్ల ఒకచోట నిలబడకుండా గెంతి ఉంటుందని అతను ఓపికగా చెప్పాడు. ఆవిడ చెవికెక్కలేదు. మళ్లీ తీయమంది. పిల్ల కనిపిస్తే గాని డబ్బాను కదలనివ్వనంది.

పిల్ల మళ్లీ గెంతకుండా, గుమ్మంలో తల్లీకూతుళ్లిద్దర్నీ కూర్చోబెట్టాడు. తల్లి భయం చూసి హడలిపోయిన చిన్నతల్లి, ఈసారి కదలకూడదని గోడకు జేరబడి ఊపిరి బిగపట్టింది. బొమ్మ పడడానికి అప్పలసూరి డబ్బా బెజ్జం మీది అట్టముక్క తీశాడు. జగ్గమ్మ పిల్లను ఓరకంట చూసింది. రెప్ప వాల్చని కళ్లు, పక్కకు వాలిన తల, ఒళ్లో పెట్టిన చేతులు. కుర్చీలో కూర్మయ్యను అలాగే కూర్చోబెట్టారు.

"కదలవే," అంది. పిల్ల కదలలేదు.

"ఒసే, కదలవే. బొమ్మ పోతే పోనీ, కదులు."

భుజాలు పట్టుకుని కుదిపేసింది. చిన్నతల్లి బెదిరిపోయి బావురుమంది. ఆ ఏడుపు వినేదాకా జగ్గమ్మకు ఊపిరాడలేదు.

ఆ బొమ్మలో గుమ్మం చక్కగా పడింది. తల్లీ పిల్లా ఉండాల్సిన చోట పొగ లాంటి మరక ఒకటుంది. అప్పలసూరి పారేయబోతే ఆవిడ లాక్కుని, తీసుకెళ్లి కూర్మయ్య ఫొటో పక్కన తగిలించింది. ఇదేటని అడిగినవాళ్లకు చెప్పేది.

"నానూ మా పిల్లా. కదిలినాం."