రక్తపరీక్షకు వెళ్తూ

టాటానగర్‌లో కలకత్తా బండి కదిలిందో లేదో, నా ఆర్నెల్ల పాప ఎదుటి సీటులోని అమ్మాయి మీదికి చేతులు చాపింది. టాటానగర్‌లోనే భుయ్యాడీహ్‌ బస్తీలో ఉండే మన తెలుగమ్మాయే. మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉంది. అయినా పాపను ఎత్తుకోలేదు. నాకు చిరాకేసింది.

“ఏటీ అనుకోకక్కా,” అంది. “మా తమ్ముడికి దెబ్బ తగిల్తే రక్తం ఆగదు. ఆ జబ్బు నా పిల్లలకీ వత్తాదో రాదో కలకత్తాలో టెస్టు చేత్తారు. పోయినసారి టేషన్నుంచి పరుగెత్తుకెళ్లాను. ఆ ఆయాసంలోనే రక్తం తీత్తే, గడ్డకట్టే గుణం ఎక్కువ కనపడి రిపోర్టు గలత్, తప్పుగా వచ్చిందంట. ఈసారి నిదానంగా రమ్మన్నారు డాక్టర్‌గారు, కంగారు కూడా పడకూడదంట. పాపనెత్తుకుంటే నా గుండె ఊరుకోదు.”

పరీక్ష ఇంకా ఎప్పుడో కదా అనుకున్నాను.

ఆమె చేతులు ఒళ్లో బిగించుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పాప ఆమె కొంగు అందుకుని నోట్లో పెట్టుకుంది. కొంగు తడిసిపోతున్నా ఆమె విడిపించుకోలేదు.

హౌరాలో దిగుతూ, “తిరిగొచ్చినప్పుడు ఎత్తుకుంటాన్లే,” అంది, పాపతోనే.

ఎప్పుడు తిరిగొస్తుందో నేను అడగలేదు. ఆ తర్వాత హౌరాలో బండెక్కిన ప్రతిసారీ, పాప పెద్దదై నా పక్కన కూర్చున్నా, ఎదుటి సీటు నిండేదాకా తలుపు వైపే చూసేదాన్ని.