నూట నాలుగో బంతి

మా ఆయన కేశవరావుగారి గురించి ఎవరడిగినా "నోట్లో నాలుక లేని మనిషి" అనే చెప్పేదాన్ని. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. హోటల్లో పప్పులో ఉప్పు లేకపోయినా బాగుందనే అంటారు. ఆ లోటు నేను తీరుస్తుంటాను, నాది బెజవాడ నోరు. అలాంటి మనిషి ఒక్కసారి నోరు తెరిచి ఒకే మధ్యాహ్నం రెండు కాంట్రాక్టులు పోగొట్టారు. ఒకటి తనది, ఇంకొకటి కింది వాటాలో ఉండే కుర్రాడిది.

మేము బ్రిస్బేన్‌కి తొంభై ఎనిమిదిలో వచ్చాం. సన్నీబ్యాంక్ దగ్గర మూడంతస్తుల ఇటుకల బిల్డింగులో పై వాటా మాది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పి బోర్లా పడతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఎవరూ పట్టించుకోని కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష తెలిసినవాళ్ళకి ఒక్కసారిగా పెళ్ళికొడుకుల వైభవం పట్టింది. మా ఆయన ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కాంట్రాక్టర్. రోజుకింతని డబ్బు, అది మంచి డబ్బే. కాని జ్వరమొచ్చి ఒకరోజు మంచమెక్కితే ఆ రోజుకి సున్నా. అందుకని ఈయన నూటరెండు జ్వరంతో కూడా టై కట్టుకుని వెళ్ళేవారు. పైగా మా వీసా ఆ కంపెనీ పేరు మీదే ఉంది. ఉద్యోగం పోతే పెట్టెలు సర్దుకోవాల్సిందే. కాంట్రాక్ట్ డిసెంబరుతో అయిపోతుంది. పర్మనెంట్ చేస్తానని బాస్ బ్రయన్ మాటిచ్చాడు. నేను ఆ మాట పట్టుకునే కొత్త సోఫా బేరం చేశాను.

ఈ బ్రయన్‌కి శనివారాల్లో ఇంకో ఉద్యోగం ఉంది. ఊళ్ళో ఒక బేస్‌బాల్ క్లబ్బుకి కోచ్. మా ఆయన ప్రోగ్రాములు పరీక్షించి రాసే కాగితాలు చూసి ముచ్చటపడి, "కేశ్, మా మ్యాచ్‌లకి స్కోరు రాయి" అన్నాడట. ఈయన సరేనన్నారు. దేనికి కాదన్నారు గనక! నేను, మా ఎనిమిదేళ్ళ శ్రావ్య ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర పట్టుకుని వెంట వెళ్ళేవాళ్ళం. నేను "ఆ బౌలర్" అంటే చాలు, "మమ్, హీ ఈజ్ ఎ పిచర్" అని శ్రావ్య నెత్తిమీద చెయ్యి పెట్టుకునేది. మొత్తానికి నాకు అర్థమైంది ఇంతే: క్రికెట్లో బౌలరు ఎలాగో ఇక్కడ పిచర్ అలాగ, కాని ఓవర్ల లెక్క లేదు, చెయ్యి ఆడినంతసేపూ విసురుతూనే ఉంటాడు. మిగతా స్కోరర్లు పరుగులు, అవుట్లు రాసి ఊరుకునేవారట. ఈయన మాత్రం విసిరిన ప్రతి బంతికీ ఒక గీత గీసేవారు. ఎవరూ అడగలేదు. అది ఆయన పని చేసే తీరు, అంతే.

ఆ క్లబ్బుకి స్టార్ మా కింది వాటా డారెన్. ఇరవై ఏళ్ళవాడు, తండ్రి దగ్గర వడ్రంగం పని నేర్చుకుంటున్నాడు. ఆరడుగుల పైన ఇంకో అరచెయ్యి. మొదట్లో మా ఆయన్ని "కేశ్" అని, నన్ను "డర్గా" అని పేరు పెట్టి పిలుస్తుంటే నాకు ఒళ్ళు మండేది. తర్వాత నా గోంగూర పచ్చడి బ్రెడ్డు మీద రాసుకుని తింటుంటే ఎక్కడి కోపం అక్కడే పోయింది. వాడే చెప్పేవాడు అమెరికా బేస్‌బాల్ కబుర్లు. ఒక పెద్ద స్టార్‌కి భుజం ఆపరేషనైతే రెండేళ్ళు మూలన కూర్చున్నాడట, కూర్చున్నందుకూ కోట్లు ఇచ్చారట.

"ఆడకుండానేనా?" అన్నాను.

"కాంట్రాక్ట్‌లో సంతకం పడ్డాక విరిగితే వాళ్ళ బాధ్యత, డర్గా. సంతకానికి ముందు విరిగితే మన ఖర్మ" అన్నాడు నవ్వుతూ.

"ఏమండీ, మీరు కోబాల్ మానేసి బంతులు విసరడం నేర్చుకోండి" అన్నాను మా ఆయనతో. ఆయన నవ్వేశారు.

డిసెంబరు రెండో శనివారం అమెరికా నుంచి ఒక క్లబ్బు మనిషి డారెన్‌ని చూడ్డానికి వస్తున్నాడని తెలిసింది. నచ్చితే సంతకానికే ఎనభైవేల అమెరికా డాలర్లు. డారెన్ తండ్రి అప్పుడే ట్రక్కు షోరూములు తిరగడం మొదలుపెట్టాడు. నేను సోఫా చూసుకున్నట్టే పాపం ఆయన ట్రక్కు చూసుకున్నాడు.

దానికి ముందు గురువారం సాయంత్రం డారెన్ మెట్ల మీద కూర్చుని కనిపించాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడం చేత్తో సుత్తి ఎత్తబోయి వదిలేశాడు. మోచెయ్యి పట్టుకోబోతే "ఆఁ" అన్నాడు. "అయ్యో నా తండ్రీ, బెణికిందిరా" అని పైకి లాక్కొచ్చాను. చింతపండు నానేసి, గుజ్జు తీసి, ఇంత రాళ్ళుప్పు వేసి దగ్గరగా ఉడికించి, ఓర్చుకోగలిగినంత వేడి మీద మోచేతికి పట్టు వేశాను. మా అమ్మ వేసేది, వాళ్ళమ్మ వేసేది. వాడు మూతి తిప్పుతూ, "డిన్నర్ నా చేతికి పూశావేంటి?" అన్నాడు. తెల్లారేసరికి చెయ్యి గిరగిరా తిప్పుతూ వచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. నొప్పి లేదట. "బ్రయన్‌కి చెప్పొద్దు, ప్లీజ్" అన్నాడు. "నేనెందుకు చెబుతాను, పో!" అన్నాను. నాకెంత గర్వమో! అమెరికా కాంట్రాక్ట్‌ని చింతపండుతో నిలబెట్టానని.

ఆ మాట మా ఆయనతో చెబితే ఆయన మొహం వాడిపోయింది. లోపలికి వెళ్ళి స్కోరు పుస్తకం తెచ్చి పేజీలు తిప్పారు.

"దుర్గా, మ్యాచ్‌కి ఎనభై తొంభై బంతులు దాటితే మోచెయ్యి దెబ్బతింటుందట, మూడు వారాలుగా వీడు అంతకంటే ఎక్కువ విసురుతున్నాడు. బ్రయన్‌కి చెప్పాను, నవ్వేశాడు. ఇది బెణుకు కాదేమో. నువ్వు నొప్పి తగ్గించావు గాని లోపలున్నది తగ్గించలేదు."

"శుభమా అని వాడు రేపు ఆడబోతుంటే ఆ పాడు మాటలేంటండీ?" అని కసిరాను. ఆయన పుస్తకం మూసేశారు. నేను మాత్రం కింది వాటా మెట్ల వైపు రెండుసార్లు తొంగి చూశాను.

శనివారం ఎండ పెళపెళలాడుతోంది. అమెరికా ఆయన పెద్ద టోపీ పెట్టుకుని, బంతి వేగం కొలిచే యంత్రం పట్టుకుని కూర్చున్నాడు. డారెన్ విసురుతుంటే బంతి కనబడ్డం లేదు, గ్లవ్‌లో పడ్డ చప్పుడొక్కటే వినబడుతోంది. జనం ఒకటే ఈలలు. నేనూ వేశాను. అయిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి వాడు ప్రతి బంతికీ ముందు చెయ్యి విదిలించుకోవడం మొదలుపెట్టాడు. మా ఆయన పెన్సిల్ ఆగి, మళ్ళీ గీత గీసేది.

బ్రయన్ మా బల్ల దగ్గరికొచ్చి ఈయన భుజం మీద చెయ్యి వేశాడు. "కేశ్, మేట్, ఆ అమెరికా ఆయన ఎన్ని బంతులని అడిగితే సుమారు డెబ్బై అని చెప్పు. సరేనా? అన్నట్టు పర్మనెంట్ లిస్టు ఈ వారమే పంపిస్తున్నా."

అప్పటికే పుస్తకంలో ఎనభై ఎనిమిది గీతలున్నాయి. నేను చూశాను.

ఆరో ఇన్నింగ్స్ కాగానే నిజంగానే ఆ టోపీ మనిషి లేచి తిన్నగా మా దగ్గరికే వచ్చాడు. బల్ల కింద మా ఆయన కాలు తొక్కాను. చెప్పొద్దూ, గట్టిగానే తొక్కాను. ఆ క్షణాన నాకు వీసా కనిపించింది, శ్రావ్య స్కూలు కనిపించింది, ఆ వెధవ సోఫా కూడా కనిపించింది.

"ఎన్ని విసిరాడు?" అన్నాడాయన.

"నూట నాలుగు సార్."

పక్కనే ఉన్న బ్రయన్ మొహం కందగడ్డ అయింది. అక్కడితో ఆగినా బాగుండేది. మా ఆయన లేచి నిలబడ్డారు. ఎప్పుడూ వినని గొంతుతో, బయట కూర్చున్న వాళ్ళందరికీ వినపడేలా, "సార్, గురువారం నుంచి అతని మోచెయ్యి నొప్పిగా ఉంది. మా ఆవిడ చింతపండు పట్టు వేసింది. ఇంకొక్క బంతి కూడా వేయించకండి" అన్నారు.

"ఏం వేసింది?" అన్నాడు టోపీ మనిషి. అందరూ నావైపు తిరిగారు. భూమి చీలితే అందులోకి దిగిపోదును. ఆయన మాత్రం నవ్వలేదు. పుస్తకం తీసుకుని గీతలన్నీ చూసి, గ్రౌండులోకి నడిచి డారెన్‌ని బయటికి పిలిచాడు. వాడు గ్లవ్ నేలకేసి కొట్టి, మా బల్ల ముందు నుంచే మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం స్కాన్ తీశారు. మోచేతి లోపలి నరం సగం చిరిగి ఉందట. ఇంకో ఇన్నింగ్స్ ఆడితే పూర్తిగా తెగేదన్నాడట డాక్టరు. ఏడాదిపాటు బంతి ముట్టకూడదన్నాడు. అమెరికా ఆయన విమానం ఎక్కేశాడు. కాంట్రాక్టూ లేదు, ట్రక్కూ లేదు. డారెన్ తండ్రి మా కిటికీ కింద నిలబడి అనరాని మాటలన్నాడు. నేనూ ఇంట్లో ఊరుకోలేదు.

"నోరు మూసుకుని డెబ్బై అనుంటే ఏం పోయేదండీ? మీ మాటలు పన్నెండేళ్ళూ దాచిపెట్టుకుని ఆ రోజే తీయాలా?"

"నేను రాసింది నూట నాలుగు దుర్గా" అన్నారు. అంతే. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపంతో కొంత, ఆ పట్టు వేసింది నా చేతులే కదా అని కొంత.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ బోర్లా పడలేదు. మా ఆయన పని అంత బాగా జరిగింది మరి. నాలుగో తారీఖున పర్మనెంట్ లిస్టు పెట్టారు, అందులో ఈయన పేరు లేదు. "నీ పనికి వంక పెట్టలేను, కాని నీ మొహం రోజూ చూడలేను" అన్నాడట బ్రయన్. ఆ మాత్రం నిజం చెప్పినందుకు నేను వాణ్ణి సగం క్షమించాను, మిగతా సగం ఇంకా బాకీ ఉంది.

మూడు వారాలు మాకు నిద్ర లేదు. చివరికి బ్రిస్బేన్‌కి రెండు గంటల దూరంలో ఉన్న టూవూంబా యూనివర్సిటీలో విద్యార్థుల రికార్డులు చూసే ఉద్యోగం దొరికింది. వీసా వాళ్ళే చూస్తామన్నారు. జీతం పాతదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. కాని జ్వరమొస్తే ఇంట్లో పడుకోవచ్చు, ఆ రోజు జీతం ఆ రోజుకి వస్తుంది. ఇక్కడికొచ్చాక ఆయన మొదటిసారి సెలవు పెట్టి పగలల్లా దుప్పటి కప్పుకుని పడుకుంటే, మిరియాల చారు పెట్టి పక్కన కూర్చున్నాను. పెళ్ళయ్యాక ఆ మనిషి అంత నిశ్చింతగా పడుకోవడం అదే చూడ్డం. ఇప్పుడు సాయంత్రాలు పెరట్లో బెండమొక్కలకి నీళ్ళు పోస్తారు. నేనింకా అరుస్తూనే ఉంటాను. సుఖంగా ఉన్నాం.

బ్రిస్బేన్ ఖాళీ చేసిన రోజు సంగతి ఒకటి చెప్పాలి. పొద్దున్నే సామాన్లు కిందికి దించుతున్నాం. ఫ్రిజ్ దగ్గర మేమిద్దరం ఆపసోపాలు పడుతుంటే మెట్ల మీద డారెన్ కనిపించాడు. రెండు నెలలుగా వాడు మాతో మాట్లాడలేదు. కుడి మోచేతికి పట్టీ ఉంది. ఎడం భుజం ఆనించి ఫ్రిజ్ ఎత్తాడు. గంటన్నరలో సామానంతా వ్యానులోకి చేరిపోయింది. అప్పుడు గోడకానుకుని నిలబడి, మా ఆయన బూట్ల వైపు చూస్తూ అన్నాడు.

"కేశ్, ఆ తర్వాతి బంతి నేను వేసేవాణ్ణే. తెగిపోతుందని నాకు తెలుసు. అయినా వేసేవాణ్ణి. నువ్వు తప్ప ఆగమని ఒక్కరూ అనలేదు. మా డాడ్ కూడా అనలేదు."

ఇరవై ఏళ్ళ మనిషి కళ్ళు తుడుచుకుంటున్నాడు. జీవితంలో మొదటిసారి నా నోటికి ఒక్క మాటా అందలేదు. మా ఆయనే కదిలారు. వ్యానులోంచి నేను దారికని కట్టిన పులిహోర డబ్బా దించి, మూత తీసి, వాడి ముందు మెట్టు మీద పెట్టారు.

"భోంచేసి వెళుదువుగాని, కూర్చో నాన్నా" అన్నారు, తెలుగులోనే.

డారెన్ కూర్చున్నాడు.