బాగే సార్, విషయానికొస్తే...

1958లో నేను ప్రొద్దుటూరు టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఆపరేటర్‌ని. ఊరు దాటి పోయే ఫోన్‌ను ట్రంక్ కాల్ అనేవాళ్ళం. ముందుగా బుక్ చేసుకుంటే, లైను ఖాళీ అయినప్పుడు బోర్డు మీద తీగ గుచ్చి రెండు ఊళ్ళనూ కలిపేది మేమే. మూడు నిమిషాలు కాగానే మధ్యలోకి వచ్చి, పొడిగించాలా అని అడగాలి. అంతకుమించి ఒక్క మాట మాట్లాడకూడదు.

మా పక్కింటావిడ తమ్ముడు మస్తాన్‌ది జమ్మలమడుగు. మా ఊళ్ళో పత్తి వ్యాపారం చేసే శెట్టిగారికి గుమాస్తా కావాలని తెలిసి అర్జీ పెట్టాడు. ఆయన జాబు రాశారు: "నా కొట్లో పనంతా ఫోన్లోనే. మొగం చూసి నేనేం చేసుకోవాల? సోమవారం మీ పోస్టాఫీసుకు ట్రంక్ కాల్ చేస్తా, మాట్లాడు." ఈ ఉద్యోగం రాకపోతే మస్తాన్ పులివెందులలో మామగారి దుకాణంలో ఇల్లరికపుటల్లుడిగా కూర్చోవాలి. ఆ మాట వింటేనే వాడికి అన్నం సయించేది కాదు.

పుట్టి బుద్ధెరిగాక వాడు ఫోన్ పట్టుకోలేదు. "నేర్పించన్నా" అని శనివారం మా ఇంటికొచ్చాడు. ఇత్తడి గ్లాసు చెవికి పెట్టించి, గడియారం ముందు పెట్టుకుని, నేనే శెట్టినయ్యాను.

"బాగుండారా అప్పా? ఇంట్లో అంతా బాగుండారా? పిల్లోళ్ళు ఏం చేస్తాండారు? ఆ పక్క వానలెట్లా?" అని మొదలుపెట్టాడు వాడు.

శెట్టిగారి ఎనుము ఈనిందా అని అడిగేసరికి మూడు నిమిషాలూ అయిపోయాయి. నాకు ఒళ్ళు మండింది.

"ఇదేమన్నా పెండ్లిల్లా అబ్బీ? కుశలాలు అడగాకు. ఆయన అడిగినా 'బాగే సార్, విషయానికొస్తే' అని నీ చదువు సంగతి ఎత్తుకో."

రెండు రోజులు తోమాను. వాడు తు.చ. తప్పకుండా నేర్చుకున్నాడు. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

సోమవారం బోర్డు మీద నేనే ఉన్నాను. కలిపి, లైను సరిగా ఉందో లేదోనని విన్నాను.

"ఆ పక్క వానలెట్లుండాయప్పా?" అన్నారు శెట్టిగారు.

"బాగే సార్. విషయానికొస్తే, నేను ఎస్సెస్సెల్సీ పాసైనా."

"సరే. మీ పక్కనుండే పెద్దముడియం దిక్కు పదునయిందా?"

"బాగే సార్. విషయానికొస్తే, నా దస్తూరీ శానా బాగుంటాది."

నా చెవులు వేడెక్కాయి. పదునంటే విత్తనం వేసేంత తడి. పత్తి వ్యాపారికి అది కుశలమా? అదే విషయం! చక్కగా మాట్లాడేవాడి నోరు కుట్టేసింది నేనే. శెట్టిగారు "ఊఁ" అని ఊరుకున్నారు. మూడో నిమిషం నిండింది. రూల్ ప్రకారం నాకున్నది ఒక్క వాక్యం.

"మూడు నిమిషాలయింది. వాన సంగతి చెప్పుకోడానికి పొడిగించాలా?"

శెట్టిగారి నవ్వు వినిపించింది. "పొడిగించప్పా."

"మొన్న మంచి పదునయిందప్పా," అన్నాడు మస్తాన్, గొంతు విప్పి. "పెద్దముడియంలో గొర్రు కట్టినారు, పత్తి విత్తుతాండారు. మా ఊర్లో మాత్రం తుంపరే. ఇంకా మబ్బు దిక్కు చూస్తాండారు..." ఇక వాణ్ణి ఆపడం ఎవరి తరం?

"రేపు బస్సెక్కి రా" అన్నారు శెట్టిగారు. నేను నెత్తి మీది హెడ్‌ఫోన్ సర్దుకుని, హమ్మయ్య అనుకున్నాను.

ఆ వారంలోనే మస్తాన్ శెట్టిగారి కొట్టు నుంచి పొరుగూరి పత్తి వ్యాపారి ఒకాయనకు తొలి ట్రంక్ కాల్ చేశాడు. బాగుండారా అప్పా అన్నాడు, పిల్లల్ని అడిగాడు, వాన అడిగాడు, ఎద్దుల్ని అడిగాడు, అవి పత్తి బండ్లతో ఎప్పుడు బయల్దేరేదీ అడిగాడు. అవన్నీ దండగ మాటలని అన్నాళ్ళూ అనుకున్నవాణ్ణి నేను. గడువు కాగానే, "పొడిగించాలా?" అన్నాను.

"వద్దన్నా," అన్నాడు. "విషయమంతా అయిపాయ."